టైమర్ ఆగిందా అని నేను అడగని రోజు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: కళ్ళెదుట కనిపిస్తున్న లోపాన్ని చూసి కూడా "బాగుంది" అన్నాను. పరధ్యానంలో అన్నది కాదు. ఎదుటి మనిషి నలుగురిలో బోల్తా పడితే చూడాలనిపించి అన్నాను. ఆ ఎదుటి మనిషి నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త.

మేమిద్దరం సికింద్రాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాం. కింద కళ్ళద్దాల దుకాణం, పైన మేము. చిన్న నర్సింగ్ హోముల్లో మంచం పక్కన పెట్టుకునే పెట్టె ఒకటి తయారు చేస్తాం. రోగి వేలికి క్లిప్పు తగిలిస్తే నాడి ఎంత, రక్తంలో ఆక్సిజన్ ఎంత అన్నది దాని తెర మీద కనిపిస్తుంది. పెట్టె లోపల చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ కెర్నెల్‌లో వేలి క్లిప్పుతో మాట్లాడే ముక్క, అంటే డ్రైవర్, నేను రాసింది. కంపెనీ మొదలైన కొత్తల్లో రాశాను. అది నా సొంత ఇల్లు అన్నట్టే ఉండేవాణ్ని.

ఆ డ్రైవర్‌లో ఒక టైమర్ ఉంది. అది క్షణానికి చాలాసార్లు మోగుతుంది. మోగినప్పుడల్లా ఒక చిన్న పని నడుస్తుంది: క్లిప్పు నుంచి అంకె చదివి, తెరకు పంపి, మళ్ళీ టైమర్ పెట్టి వెళ్ళిపోతుంది. దాన్ని మేము కాల్‌బ్యాక్ అంటాం. నర్సు తీగ పీకేసినప్పుడు టైమర్‌ని రద్దు చేసి, అది వాడుకున్న మెమొరీని కెర్నెల్‌కి తిరిగి ఇచ్చేయాలి. వినడానికి ఇంతే. చిక్కు ఎక్కడంటే, ఆ కంప్యూటర్‌లో ఒకేసారి రెండు పనులు నడిచే వీలుంది. ఒకవైపు మనం "రద్దు" అంటున్న క్షణంలోనే మరోవైపు కాల్‌బ్యాక్ నడుస్తూ ఉండొచ్చు. రద్దు అన్నది ఇకముందు మోగబోయేదాన్నే ఆపుతుంది, అప్పటికే మొదలైన పనిని కాదు. అది ఇంకా చదువుతుండగా మెమొరీని లాగేసుకుంటే పెట్టె కుప్పకూలుతుంది. అందుకని రద్దు చేసి, నడుస్తున్న కాల్‌బ్యాక్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు మెమొరీ వదలాలి.

ఆఫీసులో నాకు ఈ విషయం మీదే పేరు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరు కొత్తగా ఏం రాసినా పొద్దున టీ అయ్యాక పెద్ద టీవీ మీద పెట్టి, రాసినవాళ్ళే లైను లైనూ పైకి చదవాలి. మిగతావాళ్ళు కుర్చీలు లాక్కుని కూర్చుని అడుగుతారు. ఎక్కడ టైమర్ కనిపించినా నేను ఒకటే ప్రశ్న వేస్తాను. "రద్దు చేశారు సరే, ఆగిందా?" కొత్తగా చేరినవాళ్ళు కూడా నెల తిరక్కుండా నా గొంతు అనుకరించి ఆ మాట అనేవాళ్ళు. నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

మా తోడల్లుడిది బన్సీలాల్‌పేట్. పుట్టింది, పెరిగింది అక్కడే. పనిచేస్తున్న కంపెనీ మూతపడి ఖాళీగా ఉన్నప్పుడు మా ఆవిడ నన్ను అడిగింది, నేను మా మేడమ్‌కి చెప్పాను. మేడమ్ అంటే కంపెనీ యజమానురాలు. తీసుకుంటాం గానీ కొన్నాళ్ళు చూసి పర్మనెంట్ చేస్తాం అందామె. నేను అతనికి ఒకటే షరతు పెట్టాను, ఆఫీసులో "అన్నా" అనొద్దని. "అట్లనే సార్, ఇప్పట్నుంచే షురూ" అని నవ్వాడు. నేను తెచ్చిన మనిషి గనక నా వెనకే నడుస్తాడని అనుకున్నాను. అలా అనుకున్నానని అప్పుడు నాకు తెలియదు. అతను పక్కకు వచ్చి నడవడం మొదలుపెట్టాక తెలిసింది.

ఆదివారం గుడి అయ్యాక, చర్చిని మేము గుడి అనే అంటాం, అందరం మల్కాజ్‌గిరిలో మా అత్తయ్య ఇంట్లో భోంచేస్తాం. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక ఆదివారం భోజనాల దగ్గర అడిగింది, అసలు మీరిద్దరూ ఆ పెట్టెలతో ఏం చేస్తుంటారని.

"అత్తమ్మా, పొయ్యి బంద్ జేసినంక సుత కుక్కర్ ఇంకో విజిల్ ఏస్తది గదా?" అన్నాడు మా తోడల్లుడు.

"వేస్తుంది, ఒక్కోసారి."

"పొయ్యి బంద్ జేసిన గదా అని అప్పుడే మూత దీస్తరా?"

"మొహం కాలిపోదూ?"

"గంతే. అన్న పనంతా గదే. పొయ్యి బంద్ జేసుడు అందరికొస్తది. విజిల్ పురా అయినంక మూత దీసుడు అన్నకే ఎర్క."

అత్తయ్య నా వైపు తిరిగింది. "ఇన్నేళ్ళూ మీరు నాకిలా చెప్పలేదేం బాబూ? ఎప్పుడు అడిగినా మీకర్థం కాదులెండి అనేవారు."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అతను ఆ మాటల్లో నన్నే పొగిడాడు. అది నా చెవికెక్కలేదు. నా పనిని నాకన్నా బాగా, రెండు ముక్కల్లో, అన్నం కలుపుకుంటూ చెప్పేశాడన్నదే ఎక్కింది. అత్తయ్య కోడికూరలో గరిటెతో వెతికి కార్జం ముక్క తీసి అతని ప్లేటులో వేసింది. ఇన్నేళ్ళుగా అది నా ప్లేటులో పడేది. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, కార్జం ముక్క ఎటు పోయిందో చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వెళ్తూ బండి మీద మా ఆవిడతో, "మీ మరిదికి మాటలెక్కువ" అన్నాను. "నీకు తక్కువేగా, సరిపోయింది" అంది తను.

తరవాత వచ్చింది అసలు దెబ్బ. మా పెట్టెలు కొన్నిచోట్ల ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ఆరిపోయి మళ్ళీ మొదలవుతున్నాయని ఫిర్యాదు ఉండేది. తీగ వదులై ఉంటుందని నేను చాలాకాలంగా చెబుతూ వచ్చాను. ఇతను నా డ్రైవర్ ముందేసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా అన్నాడు.

"సార్, జెర ఒకసారి ఇటు జూస్తరా? నాకే సమజ్ గాలేదేమో."

చూశాను. తీగ పీకినప్పుడు నా డ్రైవర్ టైమర్‌ని రద్దు చేస్తుంది. కాల్‌బ్యాక్ పూర్తయ్యేదాకా ఆగదు. వెంటనే మెమొరీ వదిలేస్తుంది. ఊళ్ళోవాళ్ళందరినీ అడిగే ప్రశ్న నా సొంత రాతను నేనెప్పుడూ అడగలేదు.

"చూద్దాంలే" అన్నాను. అతను మేడమ్‌కి "ఒక తప్పు దొరికింది మేడమ్, సరిజేస్త" అని మాత్రమే చెప్పాడు. ఎవరిదో చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా, ఆ డ్రైవర్ ఎవరిదో గోడలకి కూడా తెలుసు. నన్ను కాపాడాలని అలా చెప్పాడు. కాపాడాడన్నదే నన్ను ఇంకా మండించింది.

అలా మేము ఆ రోజుకి వచ్చాం. మధ్యాహ్నం కాప్రాలో ఒక నర్సింగ్ హోముకి పెట్టె తీసుకెళ్ళి చూపించాలి. వాళ్ళకి నచ్చితే అన్ని మంచాలకీ మావే తీసుకుంటారు. మేడమ్ మా తోడల్లుడితో నా ఎదుటే చెప్పింది: పెట్టె ఆగిపోకుండా నడిస్తే పర్మనెంట్ చేస్తాను, లేకపోతే ఒకే పనికి ఇద్దరికి జీతం ఇచ్చే స్తోమత నాకు లేదు, వేరే చూసుకోవాల్సిందే. దానికి ముందు, పొద్దున టీ అయ్యాక, అతను సరిచేసిన డ్రైవర్‌ని టీవీ మీద పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

మొదటిసారి చూసినప్పుడే నాకు కనబడింది. అతను రద్దు చేసి, కాల్‌బ్యాక్ పూర్తయ్యేదాకా ఆగేలా మార్చాడు. అంతవరకు సరైనదే. అయితే ఆ పైన రెండు లైన్ల ముందు ఒక లాక్ ఉంది. లాక్ అంటే ఒకరే పట్టే గదికి గొళ్ళెం లాంటిది. ఒకరు లోపలికి వెళ్ళి గొళ్ళెం వేసుకుంటే రెండోవాళ్ళు బయట నిలబడాలి. టైమర్‌ని రద్దు చేసే కోడ్ ఆ గదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుని, కాల్‌బ్యాక్ పూర్తవ్వాలని ఎదురుచూస్తుంది. కాల్‌బ్యాక్ తన పని పూర్తిచేయాలంటే అదే గదిలోకి రావాలి. అది బయట నిలబడి గొళ్ళెం తీస్తారని ఎదురుచూస్తుంది. ఇద్దరూ అలాగే ఉండిపోతారు, ఎప్పటికీ. గొళ్ళెం తీసి బయటికి వచ్చాకే ఎదురుచూడాలి. రెండు లైన్లు కిందికి జరిపితే అయిపోయేది.

ఆ లాక్ నేను పెట్టిందే. నా పాత రాతలో ఎదురుచూడటమే లేదు గనక అక్కడ అది ఏ హానీ చేయలేదు. సార్ పెట్టాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందని అతను దాన్ని కదపలేదు.

అతను చదవడం ముగించాడు. అందరూ నా వైపు చూశారు.

"ఏంటి సార్, ఇవాళ మీ క్వశ్చన్ లేదా?" అంది మేడమ్.

"వెయిట్ చేయిస్తున్నాడు కదా మేడమ్, ఇంక అడిగేదేముంది? బాగుంది."

"సార్ కొచ్చన్ అడగలేదంటే ఇయ్యాల వాన పడ్తది" అన్నాడెవరో. నవ్వులు. మా తోడల్లుడి మొహం చూశాను. పరీక్షలో మొదటిసారి పాసైన పిల్లాడి మొహంలా ఉంది. నేను లేచి టీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఇలాంటి చిక్కు ప్రతిసారీ పడదు. తీగ పీకిన క్షణమూ, కాల్‌బ్యాక్ నడిచే క్షణమూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడాలి. ఆఫీసులో ముందురోజు ఎంత పీకినా పడలేదు. కాబట్టి నేను నాకు చెప్పుకున్నది ఇది: పడితే పడుతుంది, లేకపోతే లేదు, నేనేమీ చేయలేదు. ఈ మాటే పదిసార్లు తిప్పి తిప్పి చెప్పుకున్నాను. ఏమీ చేయనివాడికి అన్నిసార్లు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.

ఆటోలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. అతను పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంటున్నాడు. ఆఫీసు దాటాం గనక "అన్నా" అన్నాడు.

"అన్నా, ఇయ్యాల అయిపోతే పర్మనెంట్ అని ఇంట్ల జెప్పిన. మీ మరదలు పొద్దుగాల్నే లేసి ప్రార్థన జేసింది."

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఎందుకన్నా? నువ్వు జూసినవ్ గదా. నువ్వు బాగుందన్నంక నాకు పరేషాన్ ఏంది?"

ల్యాప్‌టాప్ నా కాళ్ళ దగ్గర సంచిలోనే ఉంది. ఆటో దారి పక్కన ఆపించినా సరిపోయేది. అతని భార్య ఒకటి కోరుకుంటూ మోకరించి ఉంటే, అదే ఇంటి అల్లుణ్ని నేను దానికి సరిగ్గా ఎదురైనది కోరుకుంటూ రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఇద్దరి కోరికా ఒకే దేవుడి దగ్గరికి చేరుతుందన్న ఆలోచన వచ్చింది. వచ్చినా నోరు తెరవలేదు.

నర్సింగ్ హోములో డాక్టర్‌గారు, హెడ్ సిస్టర్ ఉన్నారు. సిస్టర్‌ది చురుకైన చెయ్యి. మా ఆఫీసులో మేము తీగను పూలదండలా పట్టుకుంటాం. ఆవిడ అలా కాదు. ఒక మంచం దగ్గర పీకడం, ఇంకో మంచం దగ్గర పెట్టడం, క్లిప్పు తన వేలికి, ఆయా వేలికి, మళ్ళీ పీకడం. రోజూ పని చేసేవాళ్ళ పద్ధతి అది. మా తోడల్లుడు పక్కన నిలబడి అంకెలు చదువుతున్నాడు. పీకినప్పుడల్లా తెర మీద అంకె పోయి అడ్డగీతలు పడుతున్నాయి, పెట్టినప్పుడల్లా అంకె వస్తోంది. డాక్టర్‌గారు తలూపుతున్నారు. నేను గోడకి ఆనుకుని ఉన్నాను.

అప్పుడు ఒకసారి సిస్టర్ తీగ పీకింది. గీతలు రాలేదు. తొంభై ఎనిమిది అని ఉన్న అంకె అలాగే ఉండిపోయింది. ఆవిడ తీగను ఊపి చూపించింది.

"ఏవండీ, తీగ నా చేతిలో ఉంది. ఈ తొంభై ఎనిమిది ఎవరిది?"

మా తోడల్లుడు బటన్ నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. ఏదీ కదల్లేదు.

"అంటే మనిషి పోయినా తొంభై ఎనిమిదే చూపిస్తుందా?" అన్నారు డాక్టర్‌గారు. కోపంగా కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగారు.

అంకె కదలకుండా నిలిచిన ఆ క్షణంలో నా గుండెల్లో ఒక వెచ్చదనం లేచింది. అది సంతోషమే. దాన్ని వేరే పేరుతో పిలవలేను. డాక్టర్‌గారి మాటతో అది చల్లారిపోయింది. నా పాత తప్పు వల్ల పెట్టె ఆరిపోయేది. తెర నల్లబడితే ఎవరో ఒకరు చూస్తారు, పరుగెత్తుతారు. ఇది ఆరిపోవడం లేదు. బాగున్నట్టు అబద్ధం చెబుతోంది. పొద్దుటి నుంచి నేను తోడల్లుడి గురించే ఆలోచించాను. ఆ మంచం మీద పడుకోబోయే మనిషి ఒకరున్నారని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"నాదే తప్పు డాక్టర్ సాబ్. ఇంకోసారి సరిజేస్కొని తెస్త" అన్నాడు మా తోడల్లుడు. పెట్టె వెనక చెయ్యి పెట్టి స్విచ్చి ఆపేశాడు. నా వైపు తిరిగాడు. "సార్, మీరు సుత జూసిన్రు గదా. ఏడ ఉండొచ్చు?"

"చూడాలి" అన్నాను.

పొద్దున అన్న "బాగుంది" కంటే కూడా ఈ "చూడాలి" నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పొద్దున చెడు తలంపు మాత్రమే ఉంది. ఇక్కడ ఎదురుగా మనిషి ఉన్నాడు, అడుగుతున్నాడు.

తిరుగు ఆటోలో అతను పెట్టెను మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తార్నాక దాటాక అన్నాడు, "అన్నా, మాఫ్ జెయ్యి. నువ్వు జూసినవని అందరికెర్క. నీ పేరు సుత ఖరాబ్ జేసిన." నేను బయటికి చూస్తూ "సర్లే" అన్నాను. అతను నాకు క్షమాపణ చెబుతుంటే నేను దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాను.

ఆఫీసులో మేడమ్ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. డాక్టర్‌గారు ఫోన్ చేసి చెప్పేశారట. ఆమె మంచి మనిషే. అందుకే కాబోలు చూపు బల్ల మీద పెట్టి మాట్లాడింది.

"నేను ముందే చెప్పాను కదా. ఇది పేషెంట్ దగ్గర జరిగుంటే? ఐ యామ్ సారీ. ఈ నెలాఖరుదాకా ఉండండి, ఈలోపల వేరే ఎక్కడన్నా చూసుకోండి."

"సరే మేడమ్" అన్నాడతను. అంతే అన్నాడు. బతిమాలతాడనుకున్నాను. వాదిస్తాడనుకున్నాను. ఆ లాక్ సార్ పెట్టిందే అని అంటాడేమోనని కూడా ఒక మూల సిద్ధంగా ఉన్నాను. అతను లేచి కుర్చీని వెనక్కి, బల్లకి తగలకుండా జరిపాడు. కుర్చీని అంత జాగ్రత్తగా జరిపిన తీరు చూశాక నేనిక కూర్చోలేకపోయాను.

"మేడమ్, ఆ తప్పు పొద్దున నేను చూశాను."

"రివ్యూలో అందరం చూశాం సార్. ఎవరికీ కనబడలేదు."

"నాకు కనబడింది. లాక్ పట్టుకుని వెయిట్ చేస్తున్నాడని మొదట్లోనే కనబడింది. కనబడి కూడా బాగుందన్నాను."

ఆమె అప్పుడు తలెత్తింది. "ఎందుకు?"

ఎన్నో జవాబులు నోటిదాకా వచ్చాయి. తొందరలో ఉన్నాం, చిన్నదే అనుకున్నాను, టెస్టులో తేలుతుందనుకున్నాను. ఏ ఒక్కటీ నిజం కాదు.

"కుళ్ళు మేడమ్. ఇతనంటే కుళ్ళు."

మా తోడల్లుడు నా మొహం కూడా చూడలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తన బల్ల మీది టిఫిన్ డబ్బా కూడా మరిచిపోయి మెట్లు దిగాడు.

"మీరు చెప్పింది అర్థమై చెబుతున్నారా?" అంది మేడమ్.

"అర్థమయ్యే చెబుతున్నాను. అతన్ని పంపొద్దు. నన్ను ఏం చేసినా సరే."

సాయంత్రం ఆ టిఫిన్ డబ్బా పట్టుకుని బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. ఇంటికి రాలేదంది మా మరదలు. ఫోన్ ఎత్తడం లేదు, మీతో లేడా బావగారూ అంది. అంటే ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు. బాగుచేసిన పాత మెట్లబావి దగ్గర కనబడ్డాడు. జనం పిల్లల్ని తీసుకొచ్చి ఫొటోలు దిగుతున్నారు. అతను గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. నేను డబ్బా పక్కన పెట్టి నిలబడ్డాను. కూర్చోమనలేదు.

"తెల్వక జేస్తే వేరే ముచ్చట" అన్నాడు. "నేను సుత తెల్వకనే జేసిన గదా. నువ్వు తెలిసి జేసినవ్."

"అవును."

"నీకేం తక్లీఫ్ ఇచ్చిన నేను? నీ తప్పు దొరికితే సుత నీ ఒక్కనికే జెప్పిన."

"అదే. నువ్వు అంత మంచిగా ఉండటమే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "గిదేం కారణం? జెర సిగ్గుండాలె మాట్లాడ్తందుకు."

"నిజమే చెబుతున్నాను. నువ్వు నాకన్నా బాగా చేస్తున్నావని తట్టుకోలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా తట్టుకోలేను. అబద్ధం చెప్పను."

అతను నీళ్ళలోకి చూస్తూ అన్నాడు, "ఆటోల నీకు మాఫీ అడిగిన నేను. యాదున్నదా? సర్లే అన్నవ్."

నిలబడే ఉన్నాను.

"అక్కకు జెప్పినవా?" అన్నాడు చివరికి. అక్క అంటే మా ఆవిడ.

"లేదు."

"ఆదివారం జెప్పు. అత్తమ్మ ముందల, అందరి ముందల. నేను తప్పు జేసిన, నా ఉద్యోగం పోతదని మీ మరదలు ఆల్ల అమ్మకు జెప్పక ముందే నువ్వే జెప్పు. మేడమ్ రూంల జెప్పుడు అల్కగనే ఉంటది."

అతను అన్నది అక్షరాలా నిజం. ఆఫీసులో ఒప్పుకున్నప్పుడు నాలో ఏదో ఒక మూల నేను గొప్ప పని చేస్తున్నానన్న భావం ఉంది. మా ఆవిడకి ఆ రాత్రే చెప్పాను. తను మంచినీళ్ళ సీసా నింపి నా వైపు పెట్టి, వెళ్ళి వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసింది. తలుపు వేసుకుని మాట్లాడింది.

ఆదివారం గుడిలో అందరి పాపాల గురించీ ఒకేసారి ప్రార్థిస్తారు కదా, దాంట్లో నాది కూడా కలిసిపోతే ఎంత బాగుండేదో అనిపించింది. మల్కాజ్‌గిరిలో భోజనాలకి కూర్చున్నాక, అన్నం వడ్డించకముందే చెప్పాను. కాప్రాలో పెట్టె ఆగిపోవడానికి కారణం అతను కాదు, నేను. చూసి కూడా చెప్పలేదు. అతని ఉద్యోగం పోయే పరిస్థితి తెచ్చింది నేనే.

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేసింది. "చూసి కూడానా?"

"చూసి కూడానే అత్తయ్యా."

"లెక్క తప్పు చేసిన పిల్లకి మార్కులు తగ్గించేదాన్ని. పక్కపిల్ల తప్పు చేస్తుంటే చూసి నవ్వుకునే పిల్లని మాత్రం గోడవైపు నిలబెట్టేదాన్ని." గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీరు పెద్దవారు. గోడవైపు నిలబెట్టలేను. తినండి" అంది.

మా మరదలు నాకు కూర వడ్డించలేదు. వాళ్ళాయనకి వడ్డించి, గిన్నె నా వైపు జరిపింది. నేనే వేసుకున్నాను. ఆ మధ్యాహ్నం తొందరగా ఎవరూ లేవలేదు.

సోమవారం మేడమ్ అతన్ని పర్మనెంట్ చేస్తూ సంతకం పెట్టింది. ఆ డ్రైవర్‌ని అతనికి అప్పగించింది. ఇక నేను ఎవరి రాతకైనా సరే అని చెప్పాలంటే నా మాటతో పాటు ఇంకొకరి మాట కూడా ఉండాలంది. అది న్యాయమే. ఆ మాట వినగానే ఆ కుళ్ళే మళ్ళీ లేచింది. నా ఇల్లు అనుకున్నది ఇంకొకరి పేరున రాసేస్తున్నట్టు అనిపించింది. ఆ కుళ్ళు ఇక పుట్టదని నేను చెప్పను. పుట్టినప్పుడు గుర్తుపట్టడం మాత్రం నేర్చుకుంటున్నాను.

లాక్ వదిలాక ఎదురుచూసేలా అతను సరిచేశాడు. కాల్‌బ్యాక్ తనను తాను మళ్ళీ మొదలుపెట్టుకోకుండా ముందే ఒక గుర్తు కూడా పెట్టాడు. అది నాకు తట్టలేదు. పైకి చదువుతున్నప్పుడు ఆ మాట అందరి ముందూ చెప్పాను, ఇది నాకు తట్టలేదని. ఇలాంటి లాక్ చిక్కుల్ని ముందే పసిగట్టే పరీక్ష ఒకటి కెర్నెల్‌లోనే ఉంది. పెట్టె నెమ్మదిస్తోందని ఎప్పుడో నేనే దాన్ని ఆపించాను. ఆఫీసులో వాడే పెట్టెలన్నిటిలోనూ మళ్ళీ పెట్టించాను. తరవాత రెండు రోజులు క్లిప్పు నా వేలికి పెట్టుకుని, అతని బల్ల పక్కన కూర్చుని, సిస్టర్ పీకినట్టే తీగ పీకుతూ, పెడుతూ గడిపాను. అతను తెర చూస్తూ "ఇంకోసారి" అనేవాడు. నేను మళ్ళీ పీకేవాణ్ని.

మళ్ళీ కాప్రా వెళ్ళే రోజున పెట్టె నేను ఒళ్ళో పెట్టుకున్నాను. నర్సింగ్ హోములో మూడో అంతస్తుదాకా నేనే మోశాను. బల్ల మీద పెట్టి, డాక్టర్‌గారితోనూ సిస్టర్‌తోనూ చెప్పాను: పోయినసారి మీరు చూసిన లోపం నాకు ముందే తెలుసు, తెలిసి రానిచ్చాను, ఈయన తప్పు కాదు, మీ పేషెంట్ల గురించి ఆలోచించనందుకు క్షమించండి. డాక్టర్‌గారు నన్ను ఎగాదిగా చూశారు. "మరి ఈసారి?" అన్నారు.

"ఈసారి ఈయన చూపిస్తారు" అన్నాను. నేను పక్కనుంటే అందరూ మళ్ళీ నా మొహం వైపే చూస్తారు. తీగ విప్పి అతని చేతికిచ్చి, గది బయటికి వచ్చి, మెట్లు దిగి కింద మందుల షాపు దగ్గర నిలబడ్డాను.